రాహుకాలంలో లేచిన ల్యాప్‌టాప్

విజయవాడలో ఒక కోచింగ్ కాలేజీలో కంప్యూటర్ల బాగోగులు చూసే ఉద్యోగం చేసి రిటైరయ్యాను. నా హోదా సిస్టమ్స్ ఇన్‌ఛార్జ్. పేరు చూస్తే పెద్దదే. చేసే పని మాత్రం రోజూ ఎవరో ఒకరి గదికి వెళ్ళి, వాళ్ళ కంప్యూటర్ రీస్టార్ట్ చేసి, అది లేచేదాకా నిలబడి, వాళ్ళిచ్చిన టీ తాగి రావడం. నవ్వకండి. మీలో ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్ళు ఏవేవో కోర్సులు చదివి ఉంటారు, అవీ ఉండాల్సిందే. కానీ సౌండ్ రావట్లేదన్నా, ప్రింటర్ కనపడట్లేదన్నా, నెట్ ఉండీ లేనట్టుందన్నా, మౌస్ కదలనని మొరాయించినా, ముందు చేయాల్సిన వైద్యం ఇదే. సగానికి పైగా జబ్బులు దీంతోనే పోతాయి.

వచ్చిన చిక్కల్లా ఏంటంటే, దీన్ని వైద్యమని ఎవరూ ఒప్పుకోరు. ఉయ్యూరు దగ్గర మా ఊళ్ళో ఒక ఆర్‌ఎంపీ డాక్టరు ఉండేవాడు. జ్వరమని వెళ్తే నాలుగు బిళ్ళలిచ్చి, రెండు రోజులు పడుకోమనేవాడు. జనానికి అది ఆనేది కాదు. సూది వేయనివాడు డాక్టరేంటని పక్క ఊరెళ్ళి వేయించుకొచ్చేవాళ్ళు. మా లెక్చరర్లూ అదే బాపతు. ‘ఒకసారి రీస్టార్ట్ చేయండి సార్’ అంటే మొహం అదోలా పెట్టి, ‘అది కాదు మేడం, లోపల ఏదో పోయింది, సరిగ్గా చూడండి’ అనేవాళ్ళు. దాంతో నేనూ సూది వేయడం నేర్చుకున్నాను. ల్యాప్‌టాప్ నా గదికి పట్టుకెళ్ళి, రీస్టార్ట్ నొక్కి, అది లేచేలోపు కీబోర్డు మీద చెగోడీల పొడి బ్రష్షుతో దులిపి, గంట తర్వాత తీసుకెళ్ళి ఇచ్చేదాన్ని. ‘మేడం చెయ్యి పడితే చాలండీ’ అనేవాళ్ళు. నేనూ కాదనేదాన్ని కాదు.

ఒక్క మ్యాథ్స్ సార్ ల్యాప్‌టాప్ మాత్రం నా గది గుమ్మం తొక్కలేదు. సార్‌కి అరవై దాటాయి. సుద్దముక్క పట్టుకుని బోర్డు మీద వృత్తం గీస్తే దాని చుట్టూ దారం చుట్టి చూసుకోవచ్చు, అంత గుండ్రంగా వచ్చేది. ఆయన పాఠం విన్న పిల్లలు పెళ్ళిళ్ళయ్యాక భార్యల్ని తీసుకొచ్చి మరీ ఆయనకి చూపించి వెళ్ళేవాళ్ళు. అలాంటి మనిషి కంప్యూటర్ ముందు కూర్చుంటే మాత్రం కొత్త అత్తారింట్లో అల్లుడిలాగా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అవస్థపడేవారు.

ఆన్‌లైన్ క్లాసులు మొదలుపెట్టినప్పుడు యాజమాన్యం అందరికీ ల్యాప్‌టాప్‌లు ఇచ్చింది. మిగతావాళ్ళు స్టాఫ్‌రూములోనే అట్టపెట్టెలు చింపి తెరుచుకున్నారు. సార్ మాత్రం పెట్టె పెట్టెలాగే ఇంటికి తీసుకెళ్ళారు. ఆయన భార్య పంచాంగం చూసి ముహూర్తం పెట్టారు. పసుపు రాసి, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, సరిగ్గా ఆ ఘడియకి కంప్యూటర్ షాపు అతన్ని పిలిపించి దాన్ని ఆన్ చేయించారు. ఇదంతా నాకు వింతేం కాదు. మాది చర్చికి వెళ్ళే కుటుంబం, మాకు రాహుకాలం లేదు. అయినా మా అమ్మ శుక్రవారం నాడు గోళ్ళు తీసుకోనిచ్చేది కాదు. ఎవరి లెక్కలు వాళ్ళవి.

వింత తర్వాత మొదలైంది. ఆ రోజు వేసిన ల్యాప్‌టాప్‌ని సార్ మళ్ళీ ఆపలేదు. పని అయిపోతే మూత వేయడం, మర్నాడు మూత తీయడం. చార్జరు చంకలోనే ఉండేది. అప్‌డేట్ చేయమంటావా అని అది అడిగినప్పుడల్లా ‘తర్వాత’ అని నొక్కేవారు. పాపం అదీ మర్యాద తెలిసిన యంత్రమే, సరేనని ఊరుకునేది.

ఒకసారి నేనే వెళ్ళి, అప్పుడప్పుడు రీస్టార్ట్ చేయాలి సార్ అన్నాను. ఆయన చాలా ఓపిగ్గా నాకు పాఠం చెప్పారు. మంచి ముహూర్తంలో మొదలైన పని ఆగకుండా జరిగినంతకాలం ఆ ముహూర్తబలం దానికి ఉంటుందట. ఆపి మళ్ళీ వేస్తే అది కొత్త మొదలు. అప్పుడు దానికి వేరే ముహూర్తం చూడాలి. రోజూ ముహూర్తం చూడటం కుదరదు కాబట్టి అసలు ఆపకపోవడమే మేలు. లెక్కల సార్ కదా, మెట్టు మెట్టుకీ కారణం చెప్పారు. ఎక్కడ తప్పు పట్టాలో నాకు తోచలేదు. మూత వేయడమంటే కునుకు తీయడమేనండీ, రీస్టార్ట్ అంటే ఒళ్ళెరగకుండా నిద్రపోయి మొహం కడుక్కుని లేవడం అని నాకొచ్చిన భాషలో చెప్పి చూశాను. ‘బాగా చెప్పావమ్మా’ అని మెచ్చుకుని, మూత వేసుకుని వెళ్ళిపోయారు.

సార్ మాటంటే స్టాఫ్‌రూములో వేదం. నెల తిరిగేసరికి ఫిజిక్సు, కెమిస్ట్రీ, ఆఖరికి ఇంగ్లీషు మేడం కూడా మూతలు వేయడం మొదలుపెట్టారు. ముహూర్తం లేకుండా వేసినవాటికి కూడా ముహూర్తబలం ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తెలియదు. నాకు మాత్రం చేతినిండా పని వచ్చింది.

అలా నడుస్తుండగా యాజమాన్యం ఒక కబురు చల్లగా బయటపెట్టింది. ఆదివారాలు సీనియర్లు ఒక్కొక్కరు లైవ్‌లో డౌట్ల క్లాసు తీసుకోవాలి. చైర్మన్ గారు ఇంటి దగ్గర్నుంచి స్వయంగా చూస్తారు. ఆన్‌లైన్‌లో చెప్పగలిగినవాళ్ళకి వచ్చే ఏడు క్లాసులుంటాయి. చెప్పలేనివాళ్ళకి విశ్రాంతి. మా కాలేజీల్లో విశ్రాంతి అంటే ఏమిటో మీకు వేరే చెప్పక్కర్లేదు. శాలువా కప్పి, గేటు దాకా సాగనంపుతారు.

సార్ వంతు వచ్చింది. ఆదివారం సాయంత్రం ఐదింటికి. ఆదివారం రాహుకాలం నాలుగున్నర నుంచి ఆరు.

సార్ వెళ్ళి ఆన్‌లైన్ క్లాసులు చూసే ఇన్‌ఛార్జ్‌ని టైము మార్చమని అడిగారు. అతను హైదరాబాద్ నుంచి కొత్తగా వచ్చినవాడు, చురుకైనవాడు. కాకపోతే నిలబడి అన్నం తినే రకం. పిల్లలందరికీ మెసేజ్ వెళ్ళిపోయింది సార్ అన్నాడు. సార్ ఇంటికి వెళ్ళి ఆలోచించి, ఒక దారి కనిపెట్టారు. నాలుగున్నరకి ముందే ల్యాప్‌టాప్ తెరిచి, క్లాసులోకి ప్రవేశించి, ‘నమస్తే పిల్లలూ’ అనేస్తే, క్లాసు మంచి ఘడియలో మొదలైనట్టే కదా. తర్వాత జరిగేదంతా కొనసాగింపే. రాహుకాలాన్ని కూడా ఆయన లెక్క చేసినట్టే సాధించేశారు.

ఆ ఆదివారం నేను చర్చి నుంచి ఇంటికొచ్చి, భోంచేసి, ఆటో పట్టుకుని కాలేజీకి వెళ్ళేసరికి సార్ అప్పటికే స్టాఫ్‌రూములో ఉన్నారు. ఇస్త్రీ చొక్కా, నుదుట బొట్టు, పక్కన మంచినీళ్ళ సీసా. నాలుగుంపావుకి క్లాసులోకి వెళ్ళి, ఇంకా ఎవరూ చేరని గదికి చేతులు జోడించి నమస్తే చెప్పారు. తర్వాత తను గీసుకున్న బొమ్మలు నాకు చూపించారు. స్క్రీన్ మీద పెన్నుతో గీసేది ఒకటి ఇచ్చారు మాకు. దాంతో ఆయన నెలల తరబడి తెల్లవారుజామున లేచి గీసినవి. శంకువుని కత్తితో కోసినట్టు అడ్డంగా కోస్తే ఏ ఆకారం వస్తుందో, వాలుగా కోస్తే ఏదొస్తుందో, రంగులు వేసి మరీ గీశారు. లెక్కలంటే చెమటలు పట్టే నాకు కూడా అర్థమయ్యాయి. బోర్డు మీద ఇంత అందంగా రాదమ్మా అన్నారు. చేతులెక్కడ పెట్టాలో తెలియని మనిషి, ఎవర్నీ అడక్కుండా, ఈ వయసులో ఇదంతా ఒక్కడే కూర్చుని నేర్చుకున్నాడని నాకు ఒక్కసారిగా ఆయన మీద గౌరవం రెట్టింపైంది.

ఐదింటికి ఇంకా పావుగంట ఉండగా పిల్లలు చేరడం మొదలైంది. సార్ గొంతు సవరించుకుని మాట్లాడారు. పక్కనున్న చాట్‌లో వరసగా పడుతున్నాయి: సార్ వాయిస్ లేదు. సార్ మ్యూట్‌లో ఉన్నారు. సార్ వినపడట్లేదు.

మ్యూట్‌లో లేరు. వైరు తీసి పెట్టాను. వేరే హెడ్‌ఫోన్ తగిలించాను. సెట్టింగుల్లో ఉన్న మైకులన్నీ ఒక్కొక్కటే మార్చాను. ఏదీ పలకలేదు. నెలల తరబడి నిద్ర లేని యంత్రం, పాపం, దాని గొంతు పోయింది. ఇంక చేయగలిగింది ఒక్కటే.

ఈలోపు ఇన్‌ఛార్జ్ లోపలికొచ్చాడు. చెవిలో ఫోను, అవతల చైర్మన్ గారి పీఏ. విషయం చూసి, నన్ను దాటుకుని ల్యాప్‌టాప్ మీదికి చెయ్యి చాపాడు. ‘ఏముంది మేడం, పవర్ బటన్ గట్టిగా నొక్కిపట్టుకుంటే అదే ఆగి లేస్తుంది.’ నేను అతని మణికట్టు పట్టుకున్నాను. నా ఉద్యోగంలో ఒక మగవాడి చెయ్యి పట్టుకుని లాగడం అదొక్కసారే.

ఇక్కడ మీరు కాస్త శ్రద్ధగా వినాలి. ఆ బటన్ నొక్కిపట్టడం అంటే నిద్రపోతున్నవాణ్ణి లేపడం కాదు, నడుస్తున్నవాడి కాళ్ళు లాగేయడం. స్క్రీన్ పూర్తిగా బిగుసుకుపోయి, మౌస్‌కీ కీబోర్డుకీ పలకనప్పుడు, ఇంక ఏ దారీ లేనప్పుడు మాత్రమే అది. మామూలుగా అయితే ముందు తెరిచిన పనులన్నీ సేవ్ చేయాలి, ఒక్కొక్కటీ మూయాలి, అప్పుడు మెనూలోకి వెళ్ళి రీస్టార్ట్ అనే మాటే నొక్కాలి. షట్‌డౌన్ చేసి మళ్ళీ వేస్తే ఒక్కోసారి అది పాత గుర్తులు కొన్ని పెట్టుకునే లేస్తుంది. రీస్టార్ట్ అయితే అన్నీ వదిలేసి లేస్తుంది.

నేను సార్‌ని అడిగాను, బొమ్మలు సేవ్ చేశారు కదా అని.

‘సేవ్ ఎందుకమ్మా? ఫైలు మూసేవాళ్ళు చేసుకోవాలి. నేను ఎప్పుడూ మూయనుగా’ అన్నారు సార్.

చావు కబురు చల్లగా చెప్పినట్టు చెప్పారు. చూస్తే నిజమే. ఇన్ని నెలల బొమ్మలూ పేరు కూడా లేని ఒకే ఫైలులో, ఒక్కసారైనా సేవ్ కాకుండా, ఆ యంత్రం మెలకువగా ఉందన్న ఒక్క ధీమా మీద బతుకుతున్నాయి. ఇన్‌ఛార్జ్ వేలు ఆ బటన్ మీద పడి ఉంటే అన్నీ గాల్లో కలిసిపోయేవి. అతనికీ అర్థమై, చెయ్యి జేబులో పెట్టుకున్నాడు. నేను ఫైలుకి ఒక పేరు పెట్టి సేవ్ చేశాను. నమ్మకం చాలక నా పెన్‌డ్రైవ్‌లోకి ఇంకో కాపీ తీశాను. దాన్ని తెరిచి చూశాను. బొమ్మలన్నీ ఉన్నాయి. అప్పుడు ఊపిరి వదిలాను.

ఇక రీస్టార్ట్ నొక్కబోతుంటే సార్ మూత మీద చెయ్యి పెట్టారు. ఆరు దాటాక చేద్దాం అన్నారు. ఆరు దాటితే క్లాసు ఉండదు సార్, చైర్మన్ గారు చూస్తున్నారు సార్ అని ఇన్‌ఛార్జ్ బతిమాలాడు. సార్ చెయ్యి తీయలేదు. నాకు ఇంక కోపం ఆగలేదు. ముహూర్తం పెట్టినవాళ్ళే దీన్ని తేల్చాలని ఆయన భార్యకి ఫోన్ చేసి, స్పీకర్ పెట్టాను. నేను ఆవిడని వదినగారూ అనే పిలుస్తాను. సంగతంతా చెప్పాను. ఆవిడ పూర్తిగా విని, ఒక్క క్షణం కూడా తడుముకోలేదు.

‘ఆదివారం మధ్యాహ్నం భోంచేసి పడుకుంటే ఆయన ఐదు దాటితేగానీ లేవరు వదినగారూ. రాహుకాలంలోనేగా లేచేది. ఎప్పుడన్నా లేవడం మానేశారా? లేచి కాఫీ మానేశారా? లేవడానికి ముహూర్తం ఏంటండీ, చోద్యం కాకపోతే. దాన్నీ లేపమనండి.’

ఇన్‌ఛార్జ్ నవ్వాపుకోలేక తన ఫోను పట్టుకుని బయటికి వెళ్ళాడు. నేను ఇంక అయిపోయిందనుకున్నాను. కానీ సార్ చెయ్యి ఇంకా మూత మీదే ఉంది. గదిలో మేమిద్దరమే ఉన్నాం. ఆయన నా వైపు చూడకుండా అన్నారు.

‘రాహుకాలం సంగతి కాదమ్మా. ఆ రోజు షాపతను వేసిపెట్టాడు. తర్వాత ఎలా వేయాలో నాకు తెలియదు. ఆగిపోతే మళ్ళీ లేపలేనేమోనని భయం. నలభయ్యేళ్ళు పాఠం చెప్పినవాణ్ణి, స్టాఫ్‌రూములో అంత చిన్న విషయం ఎవర్నని అడగను?’

నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఆయన భయపడుతున్నది ల్యాప్‌టాప్ గురించి ఒక్కటే కాదని కూడా తెలుస్తూనే ఉంది. అరవై దాటిన లెక్చరర్‌ని ఒక్క ఏడాది ఆపితే మళ్ళీ ఎవరు మొదలుపెడతారు? ఓదార్చడం నాకు రాదు. ‘లేపడానికి నేనున్నాను సార్, నాకు జీతం ఇచ్చేది అందుకే’ అన్నాను. ఆయన చెయ్యి తీశారు. నొక్కాను.

గోరుచుట్టు మీద రోకటిపోటంటారే, అది అప్పుడు పడింది. ఇన్ని నెలలు ‘తర్వాత’, ‘తర్వాత’ అని దాటేసిన అప్‌డేట్లన్నీ ఒక్కసారిగా మీద పడ్డాయి. నీలం తెర మీద చిన్న చుక్కలు గుండ్రంగా తిరుగుతున్నాయి. ఆపవద్దు అని రాసి ఉంది. ఐదైంది. ఇన్‌ఛార్జ్ లోపలికొచ్చి చూసి, మళ్ళీ ఆ బటన్ వైపు చూశాడు. నేను నా హ్యాండ్‌బ్యాగు దాని మీద పెట్టి, కుర్చీ లాక్కుని పక్కనే కూర్చున్నాను. అప్‌డేట్ మధ్యలో కరెంటు లాగితే అది రేపటికి కూడా లేవకపోవచ్చు. అలాంటప్పుడు చేయాల్సిన పని ఒక్కటే, ఏమీ చేయకుండా కూర్చోవడం. మన ఉద్యోగంలో అన్నిటికంటే కష్టమైంది అదే.

కూర్చోలేనిది సార్. లేచి అటూ ఇటూ తిరిగి, గోడకున్న పాత బోర్డు ముందు ఆగి, దాని కింద చెక్కలో చెయ్యి పెట్టి తడిమారు. ఒక సుద్దముక్క దొరికింది. ఆయన మొహం విచ్చుకుంది. అది చూసి ఇన్‌ఛార్జ్‌కి వెలిగింది. ఆ మాట ఒప్పుకోవాలి, ఆలోచన అతనిదే. నా ఫోన్ తీసుకుని క్లాసులోకి చేర్చి, రెండు లావుపాటి పుస్తకాలకి ఆనించి, బోర్డు వైపు తిప్పి నిలబెట్టాడు. ‘చెప్పండి సార్’ అన్నాడు.

సార్ చెప్పారు. పిల్లలకి చేతులు జోడించి, ‘మా ల్యాప్‌టాప్ మొహం కడుక్కుంటోందమ్మా, ఈలోపు మనం మొదలుపెడదాం’ అన్నారు. ఆయన సుద్దముక్క పట్టుకుంటే ఇంక రాహువూ లేడు, చైర్మనూ లేడు. ఒకమ్మాయి డౌట్ అడిగింది, శంకువుని వాలుగా కోస్తే వచ్చేది ఎందుకు ఒకసారి మూసుకుంటుంది, ఒకసారి తెరుచుకుని పోతుంది అని. సార్ బోర్డు మీద సగం చెప్పేసరికి నా పక్కన ల్యాప్‌టాప్ గణగణమని లేచింది. మైకు చూశాను, పలికింది. ఫైలు తెరిచాను. మిగతా సగం ఆయన రంగుల బొమ్మలతో చెప్పారు. చాట్‌లో ఆ అమ్మాయి ‘అర్థమైంది సార్’ అని రాయలేదు. ఇంకో ప్రశ్న అడిగింది. దానికి సార్ మొహంలో కనిపించిన వెలుగు నేను ఇప్పటికీ మర్చిపోలేదు.

క్లాసు ఆరు దాటింది, ఆరున్నరా దాటింది. ఆఖరికి ఇన్‌ఛార్జే బతిమాలి ఆపించాడు.

అతను వెళ్ళాక నేను తలుపు దగ్గరికి వేసి, ‘ఇప్పుడు మీరు చేయండి సార్’ అన్నాను. ఆయనకి అర్థమైంది. కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. సేవ్ చేశారు. మూశారు. మెనూలో రీస్టార్ట్ ఎక్కడుందో వెతుక్కుని, నా వైపు ఒకసారి చూసి నొక్కారు. తెర నల్లబడగానే ఊపిరి బిగబట్టారు. అది లేచింది. ‘ఇంకోసారి’ అన్నారు. ఈసారి నావైపు చూడలేదు. అదీ లేచింది. మూడోసారి పూర్తిగా ఆపేశారు. అంతా చల్లబడేదాకా చేతులు కట్టుకుని కూర్చుని, అప్పుడు తన వేలితో మెల్లగా బటన్ నొక్కారు.

సరిగ్గా అప్పుడే నా ఫోన్ మోగింది. ఇన్‌ఛార్జ్. లైన్లో చైర్మన్ గారున్నారట. ఆయనకి క్లాసు బాగా నచ్చిందట, ఆ సుద్దముక్కతో చెప్పడం కూడా ఉంచమన్నారట, వచ్చే ఏడు క్లాసులు సార్‌వేనట, ఆ మాట సార్‌కి స్వయంగా చెప్తారట. ఫోన్ అలాగే పట్టుకుని సార్ చెవి దగ్గర పెట్టబోయాను, ‘చైర్మన్ గారు సార్, మీ క్లాసుల గురించే’ అంటూ.

సార్ తెర మీంచి కళ్ళు తిప్పలేదు. చెయ్యి మాత్రం ఎత్తి ఆగమన్నట్టు పెట్టారు.

‘ఒక్క నిమిషం ఆగమనమ్మా, ఇది లేస్తోంది’ అన్నారు.

చైర్మన్ గారు ఆగారు.